దీవెనమ్మ ఒక్కసారే పిలుస్తుంది

మార్టూరు,
జనవరి 21.

రెబ్కా పిన్నికి,

ఫెబా వందనాలు. క్రిస్మస్‌కి నువ్వు పంపిన కార్డు ఆలస్యంగా అందింది. ఫోన్‌లో నా మాట నీకు కప్పల బెకబెకలా వినపడుతోందని చెప్పాక, ఇక లాభం లేదని కాగితాలు, కవర్లు కొనుక్కున్నాను. మా స్కూల్లో ఎనిమిదో తరగతికి లేఖారచన చెబుతాను గానీ, ఈ ఊళ్లో పోస్టు డబ్బా ఎక్కడుందో నేనే నలుగురిని అడగాల్సి వచ్చింది.

అమ్మ సంగతి అడిగావు. బాగుంది. ఈ మాట రాసి చాలా కాలమైంది కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను, బాగుంది. నిరుడు వేసవిలో నా గదిలో ఉన్నప్పుడు ఆమె మతిమరుపు ఎంత దూరం వెళ్లిందో నీకు తెలుసు. తెల్లారగట్ల తలుపు తీసుకుని వీధిలో పడేది. గ్రానైటు పాలిషింగ్ పనికి వచ్చిన ఒడిశా కుర్రాళ్ల గదుల తలుపులు కొట్టేది. ఒకసారి హైవే ఎక్కింది, లారీ డ్రైవరు చూసి ఆపాడు కాబట్టి మనకు మిగిలింది. మా ఆయన జోసఫ్ బతికి ఉంటే వంతులేసుకుని కాపలా కాసేవాళ్లం. ఆయన పోయాక పగలు స్కూలూ నేనే, రాత్రి కాపలా నేనే. అందుకే చిలకలూరిపేట దారిలో ఉన్న ఆశ్రమంలో చేర్చాను. ఊళ్లో అందరూ తలో మాటా అన్నారు. నువ్వు అనలేదు. అది నేను మర్చిపోలేదు.

అక్కడా మొదట్లో అదే గొడవ. తెల్లారకముందే లేచి ఎవరెవరినో పేర్లు పెట్టి పిలవడం, పక్క మంచాల మీది వాళ్ల దుప్పట్లు లాగడం. ఒక ముసలావిడ మొహం మీద చెయ్యి వేసిందట. కొట్టబోయిందని ఆవిడ కొడుకు వచ్చి రచ్చ చేశాడు. అక్టోబరులో మేనేజరు ప్రభు గారు ఫోన్ చేశారు. నేను క్లాసులో ఉన్నాను. "డాక్టరు గారు చిన్న మాత్ర రాశారు మేడమ్. రాత్రిపూట వేస్తే నెమ్మదిస్తారంట. వెయ్యమంటారా?" అన్నారు. వెయ్యండి అన్నాను. పిల్లలు అల్లరి చేస్తున్నారు, ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు అరుపుల్లేవు, నిద్రపోతోంది. ఆశ్రమం మొత్తానికి మీ అమ్మ దీవెనమ్మ గారే నెమ్మదస్తురాలు అంటున్నారు ప్రభు గారు.

నీకు గాక ఎవరికి చెప్పుకోను? చిన్నప్పుడు నేను నిద్ర లేచేసరికి ఇల్లు ఖాళీగా ఉండేది. పొయ్యి మీద గంజి, దాని మీద మూత, పిల్లి తొయ్యకుండా మూత మీద రాయి. అమ్మ అప్పటికే మిరపకోతకు వెళ్లిపోయేది. వెళ్తూ వెళ్తూ ఒక్కరోజైనా నన్ను లేపి చెప్పిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రం నేను వెళ్లేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. కాసేపు కూర్చుని లేచి వచ్చేస్తున్నాను. మా ఇద్దరికీ ఇదే అలవాటనుకుంటాను.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఒకసారి వచ్చి చూసిపోరాదా?

నీ బిడ్డ,
ఫెబా


కనిగిరి,
జనవరి 30.

ప్రభువునందు ప్రియమైన బిడ్డ ఫెబాకు పిన్ని రెబ్కా వందనాలు. ఇక్కడ నేనూ, కూతురూ అల్లుడూ క్షేమం.

నీ ఉత్తరం ఒకసారి కళ్లద్దాలతో, ఒకసారి లేకుండా చదివాను. లేకుండా చదివినప్పుడే బాగుంది, తోచింది పెట్టుకుని చదువుకోవచ్చు. టీచరువై ఉండి అంత సన్న రాత రాస్తే పిల్లలు నిన్ను ఏమీ అనరా?

అక్క నిద్రపోతోందంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. పొద్దెక్కేదాకా పడుకున్న రోజు ఆమె బతుకులో లేదు తల్లీ. ఒంట్లో బాగుండకపోయినా తొలికోడి కంటే ముందు లేచేది. కోతలు లేని రోజుల్లో కూడా లేచి వాకిట్లో ఊరికే కూర్చునేది. దేవుడు ఇన్నాళ్లకు ఆమె కళ్లు మూయించాడు. మాత్రతో మూయిస్తే మాత్రం ఏమైంది? పడుకోనీ. ఎవరో ఏదో అన్నారని మార్చబాకు.

వచ్చి చూడమన్నావు. ఈ ఊరి ఫ్లోరైడు నీళ్లకు నా మోకాళ్లు వంకర తిరిగాయి. పైగా ఇది మిరపకాయల కాలం, బస్సుల్లో టిక్కీ బస్తాలే ఎక్కుతాయి గానీ మనుషులు ఎక్కరు. నాలుగు రోజులు పోనీ, చూద్దాం.

అక్క నన్ను అడుగుతోందా? అడక్కపోయినా అడిగిందని రాయి. నాకేం తెలుస్తుంది?

పిన్ని,
రెబ్కా


మార్టూరు,
మార్చి 3.

పిన్నీ,

అబద్ధం రాయమన్నావు. రాద్దామనే కూర్చున్నాను, చెయ్యి రాలేదు. అమ్మ నిన్ను అడగలేదు. ఎవరినీ అడగడం లేదు.

ఈసారి సాయంత్రం కాకుండా మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లాను. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారనడం ఎందుకు, పాత చీర ముక్కతో నడుముకు కుర్చీకి కలిపి కట్టారు. తల గుండెల మీదికి వాలిపోయింది. నోట్లో నుంచి చొంగ కారి జాకెట్టు తడిసింది. కనుబొమ మీద నల్లగా కమిలిన మచ్చ. బాత్రూంలో పడిందట, నాకు ఎవరూ చెప్పలేదు. చెయ్యి పట్టుకుంటే కొయ్యముక్కలా బిగుసుకుని ఉంది, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. మిరపచెట్టు మీద ఆ వేళ్లు ఎలా ఆడేవో చూసినదానివి నువ్వు. అన్నం మెత్తగా పిసికి నోట్లో పెడితే మింగడం మర్చిపోయినట్టు బుగ్గన పెట్టుకుని ఉండిపోయింది. "అమ్మా" అన్నాను. కళ్లు పైకి లేచాయి గానీ నా దాకా రాలేదు. ఇన్ని ఆదివారాలు నేను నిద్ర అనుకున్నది నిద్ర కాదు పిన్నీ.

ఆయాను పట్టుకుని దులిపేద్దామనుకున్నాను. నగ్మా అని ఒకమ్మాయి. నేను నోరు తెరిచేలోపే తను మొదలుపెట్టింది. "రాత్రిళ్లు నేనొక్కదాన్నే మేడమ్ ఇంతమందికి. ఒకామెకు గుడ్డ మారస్తంటే ఇంకొకామె పడిపోద్ది. మీ అమ్మ లేచిందంటే హాలు హాలంతా లేస్తది. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?" అంది. తన చేతిలో గుడ్డ తీసుకుని అమ్మ మూతి నేనే తుడిచాను.

తర్వాత నగ్మా ఇంకో సంగతి చెప్పింది. అమ్మకు మాత్ర వెయ్యమని మేనేజరు వెంట పడింది అక్కడి ముసలాళ్లేనట. "సంపూర్ణమ్మ గారని మూల మంచం ఆవిడ ఉంది కదండీ. ఒక తెల్లారగట్ల మీ అమ్మ 'సంపూర్ణా' అని పిలిచింది. ఆవిడకి వణుకొచ్చేసింది. చీకట్లో పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపుకి గానీ పలక్కూడదు కదండీ, పలికితే ప్రాణం పోద్దంటారు. మీ అమ్మేమో ఎవరినైనా ఒక్కసారే పిలుస్తది. అది మనిషి పిలుపు కాదని వీళ్ల భయం. అందరూ మేలుకునే ఉంటారు, ఒక్కరూ పలకరు" అంది. గుడికి వెళ్లేవాళ్లూ అంతే, చర్చికి వెళ్లేవాళ్లూ అంతేనట.

అమ్మ పిలిచే పేర్లలో నగ్మాకు గుర్తున్నవి సంపూర్ణ, ఎస్తేరు, కరుణమ్మ, చిట్టెమ్మ, నీ పేరూ. ఇవి అమ్మ కోత ముఠాలో ఆడవాళ్ల పేర్లని నేను పోల్చుకోగలను. అమ్మ ముఠాకు మేస్త్రి అనీ తెలుసు. కానీ తెల్లారగట్ల మీరంతా ఏం చేసేవాళ్లో నేనెప్పుడూ చూడలేదు, పడుకుని ఉండేదాన్ని. దుప్పట్లు ఎందుకు లాగుతుంది? మొహం మీద చెయ్యి ఎందుకు వేస్తుంది? నీకు తెలిస్తే రాయి. నేను గుంటూరు తీసుకెళ్లి వేరే డాక్టరుకు చూపిస్తాను.

ఫెబా


కనిగిరి,
మార్చి 12.

బిడ్డా ఫెబా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. మా అమ్మాయి ఏమైందని అడిగితే పన్ను నొప్పి అని చెప్పాను.

దుప్పటి సంగతి చెప్తా విను. అక్క తెల్లారగట్ల పేటలో ఆ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఇంటి ముందూ నిలబడి పేరు పెట్టి పిలిచేది. ఒక్కసారే. రెండోసారి పిలిచే ఓపిక ఆమెకు లేదు, ట్రాక్టరుకు నిలబడే ఓపిక అంతకంటే లేదు. "వస్తన్నానక్కా" అని లోపల నుంచి పలికితే చాలు, ముందుకు పోయేది. పలక్కపోతే తడిక తోసుకుని లోపలికి వచ్చి దుప్పటి లాగి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. ఒళ్లు కాలుతుంటే మళ్లీ కప్పేసి "పడుకోవే, నీ సాలు కూడా నేనే కోస్తాలే" అని వెళ్లిపోయేది. కాలకపోతే ఆ ఇంట్లో వాళ్ల ఏడు తరాలూ తిట్లు తినేవి.

ఆ ఆశ్రమంలో ఒక్కరూ పలకరంటున్నావు. అంటే ఆమె లెక్కన అందరికీ జ్వరాలే కదా తల్లీ. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చూస్తోంది. కొట్టడానికి కాదు.

ఎస్తేరు పోయింది. సంపూర్ణ పోయింది. కరుణమ్మ విజయవాడలో కొడుకు దగ్గర మంచంలో ఉందని విన్నాను. చిట్టెమ్మ కరోనాలో పోయింది. ఆ ముఠాలో లేచి తిరిగే ప్రాణం నాదొక్కటే అనుకుంటాను.

అయినా ఒక మాట చెప్తాను, కోపగించుకోకు. మాత్ర జోలికి పోబాకు. ఆపావంటే మళ్లీ లేస్తుంది, మళ్లీ పిలుస్తుంది. వాళ్లు సామాను సర్ది గేటు బయట పెడతారు. నువ్వు బడి మానుకుని కూర్చోగలవా? మాట పోతే పోయింది, నెత్తిన నీడ ఉంది, వేళకు ముద్ద ఉంది. పనిచేసుకు బతికినవాళ్లకు చివర్లో అంతకంటే ఎవరు పెడతారు? చీర ముక్కతో కట్టొద్దని మాత్రం చెప్పు.

పిన్ని,
రెబ్కా


మార్టూరు,
ఏప్రిల్ 7.

పిన్నీ,

నీ మాట వినలేదు. ఆశ్రమంలో గొడవపడి, కారు మాట్లాడుకుని అమ్మను గుంటూరు తీసుకెళ్లాను. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కారు అద్దం దించాను, ఆ ఘాటుకైనా తల ఎత్తుతుందేమోనని. డ్రైవరు దగ్గాడు, నేను దగ్గాను. అమ్మ దగ్గలేదు.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. అమ్మ మోచెయ్యి వంచి చూసింది, నాలుగు అడుగులు నడిపించి చూసింది. మాత్ర ఎప్పటి నుంచి అని అడిగింది. అక్టోబరు నుంచి అన్నాను. వేసిన తర్వాత ఎవరు చూశారని అడిగింది. నేను ఆశ్రమానికి ఫోన్ చేశాను. ప్రభు గారు ఏమన్నారో తెలుసా? "రాసిన డాక్టరు గారు కొన్ని వారాలు వేసి మళ్లీ చూపించమన్నారు మేడమ్. ఆయన తర్వాత మా వైపు రావడం లేదు. అరుపులు తగ్గాయి కదా అని మేము ఆపలేదు. మందుల షాపువాళ్లు ఇస్తూనే ఉన్నారు." అంతే పిన్నీ. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఒకరు రాశారు, ఒకరు అమ్మారు, ఒకరు మింగించారు. ఫోన్‌లో సరే అన్నదాన్ని నేను. తర్వాత ఆమెను చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

డాక్టరమ్మ అంది, "ఇది మతిమరుపు తగ్గించే మందు కాదమ్మా. మనిషిని అణిచి ఉంచే మందు. ఒక్కోసారి తప్పదు, తనకో పక్కవాళ్లకో ప్రమాదం అయినప్పుడు కొన్నాళ్లు వేస్తాం. కానీ వేశాక కనిపెట్టి చూస్తూ ఉండాలి. పెద్దవాళ్లకు ఇలా బిగుసుకుపోవడం, పడిపోవడం, మింగలేకపోవడం వస్తాయి. ఒక్కసారిగా ఆపకండి, నేను చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గిద్దాం. తగ్గాక ఈమె మళ్లీ లేస్తుంది. అప్పుడేం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి." నువ్వు రాసిన దుప్పటి సంగతి చెప్పాను. చాలాసేపు విన్నది. "అయితే పలికే మనిషి కావాలన్నమాట" అంది.

పలికే మనిషి ఎక్కడి నుంచి వస్తుంది? ప్రభు గారు ముందే చెప్పేశారు, మళ్లీ హాలంతా లేచే పరిస్థితి వస్తే ఉంచుకోలేమని. జూన్ దాకా చూస్తామన్నారు. తర్వాత బడి మానాలో, అమ్మను గదిలో పెట్టి తాళం వెయ్యాలో నాకు తెలియడం లేదు.

ఇంకోటి కూడా రాసేస్తున్నాను, నా మనసులో ఉంచుకుని కుళ్లడం ఎందుకు? ముఠాలో లేచి తిరిగేది నువ్వొక్కదానివే అని నువ్వే రాశావు. అమ్మ చేతి ముద్ద తిన్నావు. నీ ఇద్దరు పిల్లల కాన్పులప్పుడు నీ పక్కన కూర్చున్నది అమ్మే. ఏడాది కావస్తోంది ఆమె ఆశ్రమంలో చేరి. మోకాళ్లు అంటావు, బస్సులు అంటావు, మాత్ర మానిపించొద్దు అంటావు. నోరు లేని అమ్మ అయితే నీకు చూడ్డానికి రావాల్సిన పని ఉండదనా?

ఫెబా


కనిగిరి,
ఏప్రిల్ 15.

ఫెబాకు,

నువ్వు రాసింది అంతా నిజం. మోకాళ్లు ఒక్కటే అబద్ధం. నొప్పి ఉంది గానీ బస్సెక్కలేనంత లేదు. మొన్న గుడ్ ఫ్రైడేకి అల్లుడి వెంట ఒంగోలు పోయి వచ్చాను.

నాకు చెవులు పూర్తిగా పోయాయి తల్లీ. ఫోన్‌లో మాట తేడాగా వస్తోందని నీకు చెప్పింది సగం. పక్కన కూర్చుని అరిచినా మూతి కదలడమే కనపడుతుంది. చర్చిలో పాట మొదలైతే పక్కామె పెదాలు చూసి నేనూ పెదాలు కదుపుతాను. ఇంట్లో నాతో మాట్లాడటం మెల్లగా మానేశారు. వాళ్ల తప్పు లేదు, ఎంతసేపని అరుస్తారు? నీ ఉత్తరం వచ్చినప్పుడే నాతో ఒక మనిషి మాట్లాడినట్టు ఉంటుంది.

అక్క ఒక్కసారే పిలుస్తుంది. నన్ను పిలిచి, నేను పలక్కుండా ఒక్క రోజు లేదు. నా దుప్పటి లాగే పని ఏనాడూ ఆమెకు పెట్టలేదు. ముఠాలో అందరూ నన్ను ఏడిపించేవాళ్లు, రెబ్కా చెప్పులేసుకుని పడుకుంటుందే అని. అలాంటిదాన్ని ఇప్పుడు వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంటే, ఆమె నా పేరు పిలిస్తే, నేను రాయిలా చూస్తూ ఉండిపోతే? ఆమె పిలిచిందని కూడా నాకు తెలియదు. నాకు అదే భయం. ఆమె నోరు మూతపడితే నా చెవుడు బయటపడదని లోపల ఎక్కడో అనుకున్నానేమో. మాత్ర ఆపబాకు అన్నది అందుకే కావచ్చు. నువ్వు తిట్టింది తక్కువే.

మాత్ర తగ్గించు. ఆమె పిలిచినప్పుడు నువ్వు అక్కడ ఉండు. చీకట్లో గొంతు ఎవరిదో ఆమె చూడదు, మాట వినపడితే చాలు. "వస్తన్నానక్కా" అను. సాగదీయబాకు, నిద్రమత్తుగా అనబాకు, గబుక్కున అనాలి. నా పేరుకు కూడా నువ్వే పలుకు.

రెబ్కా


మార్టూరు,
జూన్ 16.

పిన్నీ,

ఏప్రిల్‌లో నీ ఉత్తరం అందగానే జవాబు రాయాల్సింది. సిగ్గేసింది. అమ్మ గొంతు వినపడ్డాకే రాద్దామనుకున్నాను. వినపడింది.

మాత్ర తగ్గుతూ తగ్గుతూ మే నెలాఖరుకు ఆగిపోయింది. మొదట చొంగ తగ్గింది. తర్వాత మెడ నిలబడింది. ఇడ్లీ చేత్తో తుంచుకుంటోంది. అద్భుతాలేమీ జరగలేదు, నేనెవరో తెలియదు. పోయిన వారం నన్ను చూసి "పింఛను రాసుకునే అమ్మాయివా? నా వేలిముద్ర పడదమ్మా, మిరపకాయలకి అరిగిపోయింది" అంది. అన్ని నెలల తర్వాత విన్న మొదటి పెద్ద మాట అది. నేను బయటికెళ్లి కుళాయి దగ్గర నిలబడి ఏడ్చి వచ్చాను.

నిన్న శనివారం ప్రభు గారిని బతిమాలుకుని రాత్రికి హాల్లోనే ఉన్నాను. అమ్మ పక్కన ఖాళీ మంచం ఉంటే నడుం వాల్చాను. ఇంకా చీకటిగా ఉండగానే అమ్మ లేచి కూర్చుని చెప్పులు తొడుక్కుని, కొంగు నడుముకు దోపింది. నేను కళ్లు మూసుకున్నట్టే ఉండి చూస్తున్నాను. హాలు చివరికి వెళ్లి నిలబడింది. "ఎస్తేరూ" అని పిలిచింది. ఎంత గొంతు పిన్నీ అది. హాలంతా మేలుకుందని నాకు తెలుస్తూనే ఉంది, మంచాల కిర్రుమనే చప్పుడు కూడా ఆగిపోయింది. అందరూ దుప్పట్లు బిగపట్టుకుని ఉన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు జల్లుమంది. ఎస్తేరు పోయిన మనిషి కదా. అయినా నువ్వు చెప్పినట్టే గబుక్కున అన్నాను, "వస్తన్నానక్కా."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. తలాడించింది. ముందుకు నడిచింది.

కరుణమ్మకు పలికాను. చిట్టెమ్మకు పలికాను. "సంపూర్ణా" అన్నప్పుడు నేను నోరు తెరిచేలోపే మూల మంచం మీది నుంచి సంపూర్ణమ్మ గారు వణుకుతూ "వస్తన్నానమ్మా" అంది. పలికి దుప్పటి ముసుగేసుకుంది. కాసేపటికి ముసుగులో నుంచి "ఏం కాలేదే" అని తనలో తను అనుకుంది. నగ్మా గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒక్క దుప్పటీ లాగలేదు అమ్మ. నీ పేరు పిలిచింది. నీకు బదులు నేను పలికాను. నీ పేరు దగ్గర ఆమె ఆగలేదు, పలుకు వస్తుందని తెలిసినట్టే నడుస్తూ నడుస్తూ పిలిచింది.

రోజూ తనే పలుకుతానని నగ్మా అంది. "అరిచి పడుకోబెట్టడం కన్నా పలికి ఊరుకోబెట్టడం తేలిక మేడమ్" అంది. ప్రభు గారు ఇక వెళ్లిపొమ్మనడం లేదు. శనివారాలు నేను ఉంటాను. నెగ్గాం పిన్నీ. నేను సంతోషంగానే ఉన్నాను.

సంతోషంగా ఉంటే ఈ కాగితం ఇక్కడితో అయిపోవాలి. ఒక్కటి ఉండిపోయింది. మంచం మీద పడుకుని అందరి పేర్లకూ పలుకుతూ, నా పేరు ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. నలభై ఆరేళ్లదాన్ని, బడిపిల్లలా హాజరు కోసం కాచుకుని ఉన్నాను. పేర్లన్నీ అయిపోయాయి. నా పేరు రాలేదు. పోయినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి ఆమె దగ్గర, కన్నబిడ్డ పేరు లేదు. చివర్లో ఒక వింత పని చేసింది. నా మంచం దగ్గరికి వచ్చేసరికి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టి, ఎవరికో సైగ చేసింది. మునివేళ్ల మీద నన్ను దాటుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్కడ చెప్పులు తొడుక్కుంది. హాలంతా లేపినామె ఎవరి నిద్ర చెడుతుందని అంత జాగ్రత్తపడిందో నాకు అర్థం కాలేదు. తర్వాత వచ్చి పడుకుంది.

నేను తెల్లారేదాకా మేలుకునే ఉన్నాను.

ఫెబా


కనిగిరి,
జూన్ 24.

నా తల్లీ ఫెబా,

నీ ఉత్తరం గుండెల మీద పెట్టుకుని కూర్చున్నాను చాలాసేపు. ఇంత చదువు చదివావు, నీ ఇల్లు పేటలో ఎక్కడుండేదో మర్చిపోయావా?

మీ ఇల్లు ఆఖరిది, రోడ్డు మొగదల. అక్క ఆ చివర నుంచి మమ్మల్ని లేపుకుంటూ వచ్చేది. ముఠా అంతా క్యారేజీలు ఊపుకుంటూ, ఒకరి మీద ఒకరు పరాచికాలాడుకుంటూ ఆమె వెనకే నడిచేవాళ్లం. మీ ఇల్లు రెండు గడపల దూరంలో ఉందనగా అక్క వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టేది. "చప్పుడు చెయ్యమాకండే. పాప పొద్దుపోయిందాకా చదువుకుని పడుకుంది" అనేది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది. మేమూ విప్పేవాళ్లం. క్యారేజీ మూతలు మోగకుండా అరచేత్తో అదిమేవాళ్లం. చిట్టెమ్మకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది, కొంగు నోట్లో కుక్కుకుని నీళ్లు కారుతున్న కళ్లతో మీ గుమ్మం దాటేది. ట్రాక్టరు నడిపే బుడాన్‌తో గొడవపడి మరీ బండి దూరంగా రోడ్డు మీదే ఆపించింది అక్క. అన్నేళ్లూ అంతమంది ఆడవాళ్లం నీ నిద్ర కోసం ఉత్త కాళ్లతో ఆ కంకర మీద నడిచాం. నువ్వు నిద్రలో ఉన్నావు, నీకు తెలిసే దారి లేదు.

నిన్ను లేపి చెప్పి వెళ్లలేదని రాశావు జనవరిలో. లేపితే మళ్లీ పడుకోవని ఆమె భయం. ఒకసారి ఎస్తేరు వేళాకోళానికి అడిగింది, "నీ కూతుర్ని కూడా పిలవక్కా, ఒక సాలు పడుతుంది కదా" అని. అక్క ఆ రోజంతా ఎస్తేరుతో మాట్లాడలేదు. ముఠాలో పిలిచే పేర్లలో నీ పేరు చేరకూడదనే ఆమె ఒంట్లో బాగున్నా లేకున్నా లేచింది. ఇప్పుడు ఏమీ గుర్తులేకపోయినా, నువ్వు పడుకున్న చోటు దగ్గర చెప్పులు విప్పుతోంది. నీ పేరు ఎక్కడుందో ఇక నన్ను అడగబాకు.

శనివారం వస్తున్నాను. అల్లుడు అద్దంకి బస్సెక్కిస్తానన్నాడు, అక్కడ నువ్వు వచ్చి దించుకో. ఆ రాత్రికి నీ మంచం నాకియ్యి, కాదు, నీ మంచం మీద నువ్వే పడుకో, నేను పక్కన ఇంత చోటు చేసుకుంటాను. అక్క లేచినప్పుడు నన్ను లేపు. ఆమె పెదాలు చీకట్లో నాకు కనపడవు. నా పేరు రాగానే నువ్వు నా భుజం తట్టు.

పలకడం నాకు తెలుసు.

పిన్ని,
రెబ్కా